కెమెరా కొనాలా, కిరాయికి తేవాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. కొడుకు, కోడలు పనికోసం బొంబాయి పోతే ఊళ్లో ఒక్కతే మిగిలిపోయిన ముసలామె మీద 25 నిమిషాల షార్ట్ ఫిల్మ్ రాసుకున్నాను. చీటీ ఎత్తితే 3 లక్షలు చేతికొచ్చాయి. నల్గొండలో ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ తన పాత సోనీ కెమెరా, రెండు లెన్సులు కలిపి 2 లక్షలకు ఇస్తానంటున్నాడు. ఆదివారంలోపు అడ్వాన్స్ కట్టమంటున్నాడు. నా దోస్తేమో ‘డిజిటల్ ఎందుకురా, 16 ఎంఎం రీల్ కెమెరా ఆన్‌లైన్‌లో 60 వేలకే ఉంది, దాంతో తీస్తే అసలు సినిమా లుక్ వస్తది’ అంటున్నాడు. హైదరాబాద్ నుంచి కిరాయికి తెస్తే పైసలన్నీ కిరాయికే పోతాయని ఇంట్లో టెన్షన్. అమ్మ అయితే బంగారం కొనమంటోంది. నాకేం తోచడం లేదు.

సమాధానం: తమ్ముడూ, బంగారం సంగతి అమ్మతో నువ్వే తేల్చుకో, అందులో నేను వేలు పెట్టను. కెమెరా సంగతి మాత్రం చెప్తాను. ఈ సినిమాకు కొనకు. కిరాయికి తెచ్చుకో.

అయితే ‘కొంటే నష్టం, కిరాయే చవక’ అని అందరూ చెప్పే మాట నేను చెప్పడం లేదు. ఒకసారి లెక్క వేసి చూడు. 2 లక్షలకు కొన్న ఆ సామాను రెండేళ్లు వాడి 1 లక్షా 30 వేలకు అమ్మావనుకుందాం. 70 వేలు అరిగినట్టు. అలాంటి సెట్టే రోజుకు 4 వేలకు కిరాయికి దొరుకుతుందనుకుంటే 70 వేలకు పదిహేడున్నర రోజులు వస్తుంది. అంటే రెండేళ్లలో 18 రోజులకు మించి షూటింగ్ చేసేవాడికి కొనడమే లాభం. (ఇవి లెక్క కోసం వేసిన అంకెలు. నల్గొండలో, హైదరాబాద్‌లో నలుగురిని అడిగి అసలు రేట్లు వాటి స్థానంలో పెట్టుకో.) నీ 25 నిమిషాల కథకు పది రోజులు, ఎడిటింగ్ అయ్యాక తగ్గిన షాట్లు తీసుకునే ప్యాచ్ వర్క్‌కు రెండు రోజులు పడతాయనుకుందాం. 12 రోజులకు 48 వేలు. కొనడానికీ కిరాయికీ మధ్య తేడా మొత్తం 22 వేలే. దీనికోసం ఇంట్లో గొడవ పడాల్సినంత ఏమీ లేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. చేతిలో 3 లక్షలు. అందులో 2 లక్షలు కెమెరాలో ఇరుక్కుంటే మిగిలేది ఒక్క లక్ష. పన్నెండు మంది యూనిట్‌కు మనిషికి రోజుకు 250 చొప్పున తిండి పెట్టినా పది రోజులకు 30 వేలు. బండ్లు, డీజిల్, ఆ ముసలామెగా చేసే ఆవిడకు ఇచ్చేది, లైట్లు, జనరేటర్ కలిస్తే మిగిలిన 70 వేలూ కరిగిపోతాయి. ఇక ఎడిటింగ్, డబ్బింగ్, మ్యూజిక్, మిక్సింగ్, డీఐ (కంప్యూటర్‌లో రంగులు సరిచేయడం) ఎక్కడి నుంచి వస్తాయి? మన జిల్లాల్లో సగంలో ఆగిన షార్ట్ ఫిల్ములు అన్నీ షూటింగ్‌లో ఆగినవి కావు. షూటింగ్ అంతా అయిపోయి, డబ్బింగ్‌కు పైసల్లేక హార్డ్ డిస్కులో పడి ఉన్నవీ ఉంటాయి. రెండేళ్ల తర్వాత కెమెరా అమ్మితే వచ్చే 1 లక్షా 30 వేలు నీ డబ్బే, నిజమే. కానీ డబ్బింగ్ థియేటర్ వాడికి అది ఈ నెల కావాలి. అవసరం పడి వెంటనే అమ్మబోతే కొనేవాడు నీ మొహం చూసి రేటు చెప్తాడు. అందుకే మిర్యాలగూడ వైపు వరి రైతు చాలావరకు కోత మిషన్ కొనడు, గంటకింత అని కోయిస్తాడు. మిషన్ చెడ్డదని కాదు, కోతల టైంలో అతనికి కూలీలకు, లారీకి, గన్నీ సంచులకు చేతిలో పైకం ఉండాలి.

ఇక నీ దోస్తు చెప్పిన రీల్ కెమెరా. దీని మీద కొంచెం ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే 60 వేలు అనే అంకె చూసి ఈ మధ్య చాలామంది పిల్లలు దాని వెంట పడుతున్నారు.

16 ఎంఎం ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నిమిషానికి 36 అడుగులు పరుగెడుతుంది. నీది 25 నిమిషాల సినిమా. ఒక్కో షాట్‌కు టేకులు, పనికిరానివి అన్నీ కలిపి ఆరింతలు తీశావనుకో, అది పొదుపుగా తీసినట్టే. 150 నిమిషాలు, అంటే 5,400 అడుగులు. 400 అడుగుల డబ్బా ఒకటి 11 నిమిషాలు వస్తుంది, కాబట్టి 14 డబ్బాలు కావాలి. ప్రతి డబ్బానూ కొనాలి, ల్యాబ్‌లో కడిగించాలి, కంప్యూటర్‌లోకి స్కాన్ చేయించాలి. ఈ మూడు ఖర్చుల ముందు కెమెరా ధర చిన్నదైపోతుంది. కొత్త ఫిల్మ్ కూడా ఇదివరకటిలా రకరకాల కంపెనీల నుంచి రావడం లేదు. ఫ్యూజీ 2013లో సినిమా ఫిల్మ్ తయారీ మానుకుంది. ఇప్పుడు ప్రపంచమంతా ప్రధానంగా కొడాక్ మీదే ఆధారపడుతోంది. రేటు కూడా వాళ్లు చెప్పిందే.

60 వేలకు ఆన్‌లైన్‌లో కనిపించేవి మామూలుగా బోలెక్స్, పాత సోవియట్ రష్యా క్రాస్నోగోర్స్క్ లాంటివి. బ్యాటరీ ఉండదు, కీ ఇచ్చి నడపాలి. ఒకసారి కీ నిండా ఇస్తే అర నిమిషం కూడా నడవదు. వాటిలో పట్టేది 100 అడుగుల చిన్న రీలు, 2 నిమిషాల 45 సెకన్లు. నీ లెక్కకు అలాంటివి 54 కావాలి. ఇప్పుడు నీ కథ గుర్తు తెచ్చుకో. ముసలామె గడప మీద కూర్చుని బస్సు దిక్కు చూస్తూ ఉండే షాట్ నీ స్క్రిప్టులో కచ్చితంగా ఉండి ఉంటుంది, లేకపోతే ఆ కథ ఎవరూ రాయరు. ఆ చూపు నిలబడాలంటే షాట్ ఒక నిమిషమైనా ఉండాలి. కీ కెమెరా అంతసేపు నడవదు. పైగా టకటకమని చప్పుడు చేస్తుంది, కాబట్టి అక్కడే మాటలు రికార్డు చేసుకునే ఆశ వదులుకోవాలి. వెడల్పు ఫ్రేమ్ ఇచ్చే సూపర్ 16కు మార్పించని పాత కెమెరా అయితే ఫ్రేమ్ కూడా పాతకాలం టీవీలా చదరానికి దగ్గరగా వస్తుంది. అది నువ్వు కోరి ఎంచుకుంటే అందమే. తెలియకుండా కొంటే తలనొప్పి.

ఆరి, పానావిజన్, ఆటోన్ లాంటి పెద్ద కంపెనీలు 2011 నాటికే కొత్త ఫిల్మ్ కెమెరాల తయారీ ఆపేశాయి. అంటే నీకు దొరికే 16 ఎంఎం కెమెరా దాదాపు ఖాయంగా పాతదే. లోపల గ్రీజు ఎండిపోయి ఉండొచ్చు, ఎక్కడో సందులోంచి వెలుగు దూరుతుండొచ్చు, ఫిల్మ్ మీద వెలుగు పడే గేటు దగ్గర గీతలు పడుతుండొచ్చు. ఇవేవీ ఫొటోలో కనిపించవు. అందుకే ఫిల్మ్ మీద పనిచేసే కెమెరామన్లు షూటింగ్‌కు ముందు ఒక రీలు తీసి, కడిగించి స్క్రాచ్ టెస్ట్ చూసుకుంటారు. నువ్వు కొన్న కెమెరాకు ఆ టెస్ట్ ఖర్చూ నీదే, తేడా వస్తే రిపేరూ నీదే. దాన్ని విప్పి సరిచేసే మనిషి కోసం ఎక్కడెక్కడ తిరగాలో చెప్పలేను, నల్గొండ క్లాక్ టవర్ సెంటర్లో మాత్రం దొరకడు. వాడని ఫిల్మ్‌ను 13 డిగ్రీలు, అంతకంటే తక్కువ చల్లదనంలో పెట్టమని కొడాక్ చెప్తుంది. మన నల్గొండ ఎండలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, బైక్ డిక్కీలో పెట్టి తిప్పితే ఏమవుతుందో ఊహించుకో. కడగని రీళ్లను విమానాశ్రయాల్లో వచ్చిన కొత్త సీటీ స్కానర్లలోంచి పంపినా పొగపట్టినట్టు పాడవుతాయి.

ఇంత విన్నాక కూడా రీల్ మీద మోజు తీరకపోతే, అప్పుడు కిరాయే ఇంకా గట్టి మాట. తన ఆరి కెమెరాను క్రమంగా సర్వీసు చేయించుకుంటూ, పరీక్ష చేసి ఇచ్చే కెమెరామన్ దగ్గర రెండు రోజులకు తెచ్చుకో. ముసలామె జ్ఞాపకాల్లో వచ్చే పాత రోజుల సీను ఒక్కటి ఫిల్మ్ మీద తీసి, మిగతాది డిజిటల్‌లో తీయొచ్చు. నా మాట అడిగితే అది కూడా వద్దు. ఆ లుక్ కోసమే అయితే డీఐలో గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్న నలుసులు) వేయించుకో. నీ దోస్తు సహా ఎవరూ పోల్చుకోలేరు.

సరే, డిజిటల్ కెమెరాను కిరాయికి ఎక్కడి నుంచి తేవాలి? అందరూ సీదా హైదరాబాద్ బస్సెక్కి కృష్ణానగర్, యూసుఫ్‌గూడ పోతారు. నేనైతే ముందు నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ఫొటో స్టూడియోలు తిరగమంటాను. మంచి మిర్రర్‌లెస్ కెమెరాలు ఇప్పుడు పెళ్లిళ్ల వాళ్ల దగ్గరే ఉన్నాయి. వాళ్లకు పని ముహూర్తాలను బట్టి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. భాద్రపదంలో పితృపక్షాలు. పుష్యం శూన్యమాసం. మూఢం వచ్చినా, అధిక మాసం వచ్చినా అంతే. ఆ రోజుల్లో ఆ కెమెరాలన్నీ బీరువాల్లో ఉంటాయి, ఈఎంఐలు మాత్రం ఆగవు. మాఘమాసంలో పెళ్లి రేటు చెప్పే మనిషే పుష్యంలో పది రోజులు కలిపి తీసుకుంటానంటే కూర్చుని మాట్లాడతాడు. పంచాంగం ముందు పెట్టుకుని షెడ్యూల్ వేసుకో.

నీ కథకు పుష్యం అన్ని రకాలా కుదురుతుంది. పత్తి ఏరడం అయిపోవస్తుంది, వలసపోయేవాళ్లు పోయి ఉంటారు, ఊరు ఖాళీగా కనిపిస్తుంది. పొద్దున మంచు, ఏటవాలు ఎండ ఊరికే దొరుకుతాయి. ఆషాఢం అయితే వాన కోసం కెమెరాకు తొడుగు, చేతిలో రెండు అదనపు రోజులు పెట్టుకోవాలి. మేలో మాత్రం పెట్టుకోకు. చాలా కెమెరాల మాన్యువల్‌లో 40 డిగ్రీల వరకే వాడమని రాసి ఉంటుంది. మన దగ్గర 44, 45 దాటే రోజులుంటాయి. ఎండలో 4కె రికార్డింగ్ పెట్టి వదిలేస్తే, ఫ్యాన్ లేని చిన్న కెమెరాలు వేడెక్కి వాటంతటవే ఆగిపోతాయి.

హైదరాబాద్ నుంచి తెచ్చేటట్టయితే రేటు ఒక్కటే అడిగి ఫోన్ పెట్టేయకు. రోజు అంటే 12 గంటలా, 24 గంటలా? ముందురోజు సాయంత్రం తీసుకుని, అయిపోయిన మర్నాడు ఇస్తే ఆ రెండు రోజులకూ కిరాయి పడుతుందా? మనకు వంద కిలోమీటర్లకు పైనే కాబట్టి ఇది తేల్చుకోకపోతే పది రోజుల బిల్లు పన్నెండు రోజులవుతుంది. చిన్న కెమెరాలకు ఆధార్, డిపాజిట్ తీసుకుని చేతికిచ్చేస్తారు. పెద్ద సెట్లయితే వెంట అటెండెంట్‌ను పంపుతారు. అతని రోజు బత్తా, తిండి, పడక, ప్రయాణం నీ ఖర్చే, ఇది కొటేషన్‌లో కనిపించదు. బిల్లు రాస్తే జీఎస్టీ 18 శాతం అదనం. బ్యాటరీలు ఎన్ని, కార్డులు ఎన్ని, ఎండలో వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉందా, ట్రైపాడ్ అందులోనేనా అన్నవి కూడా పేరుపేరునా రాయించుకో.

ఇంకో దారి కూడా ఉంది. సొంత కెమెరా ఉన్న కుర్ర కెమెరామన్‌ను తెచ్చుకోవడం. హైదరాబాద్‌లో ఇలా ప్యాకేజీగా వచ్చేవాళ్లు బాగానే ఉన్నారు. కెమెరాను నడిపేదెవరో నువ్వు ఉత్తరంలో రాయనే లేదు. నువ్వే డైరెక్షన్ చేస్తూ నువ్వే ఫోకస్ లాగుతానంటే ముసలామె ఏం చేస్తోందో ఎవరు చూస్తారు? నా ఓటు ఈ మనిషికే. తన కెమెరా కాబట్టి దాని జబ్బులన్నీ అతనికి తెలుసు. మనిషికి ఎంత, కెమెరాకు ఎంత అని విడివిడిగా మాట్లాడుకో. ప్యాచ్ వర్క్ రోజులకు ఏం తీసుకుంటాడో ఇప్పుడే అడుగు. అప్పుడు అతను ఖాళీగా లేకపోతే అదే మోడల్ వేరేచోట తేవాలి కాబట్టి కెమెరా పేరు, లెన్సులు, రంగుల సెట్టింగులైన పిక్చర్ ప్రొఫైల్, వైట్ బ్యాలెన్స్ ఒక పుస్తకంలో రాసిపెట్టుకో. లేకపోతే ఒకే సీన్‌లో ముసలామె చీర రెండు రంగుల్లో ఉంటుంది.

ఎవరి దగ్గర తెచ్చినా, స్నేహితుడి దగ్గరైనా సరే, తీసుకునేటప్పుడు వాళ్ల ముందే ఫోన్‌లో వీడియో తీయి. సీరియల్ నంబర్, ఉన్న గీతలు, లెన్స్ లోపల ఫంగస్, అన్నీ. ఒక తెల్ల గోడను, తర్వాత లెన్స్ మూత పెట్టి చీకటిని రికార్డు చేసి పెద్ద తెర మీద చూడు. మచ్చలు, వెలిగే చుక్కలు ఉంటే అక్కడే తెలిసిపోతాయి. తర్వాత నీ లొకేషన్ ఇంట్లో రాత్రి లైట్ వేసి ఒక షాట్ తీసి చూడు. మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ సెకనులో 50వ వంతో, 100వ వంతో ఉంటే ట్యూబ్‌లైట్ కింద మినుకుమినుకు రాదు. వేరే వేగం పెడితే గోడ మీద చారలు పాకొచ్చు. చవక ఎల్‌ఈడీ బల్బులు కొన్ని ఎలా పెట్టినా సతాయిస్తాయి, వాటిని మార్చేయడమే మేలు.

ఇక కొనాల్సినవి కూడా ఉన్నాయి. అన్నిటికంటే ముందు రెండు హార్డ్ డిస్కులు, ఒక్కోటి 2 టీబీ. సోనీ కెమెరాలో 4కెలో మామూలుగా వాడే 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) గంటకు 45 జీబీ అవుతుంది. 250 ఎంబీపీఎస్ పెడితే గంటకు 112 జీబీ. రోజుకు గంటన్నర చొప్పున పది రోజులు తీస్తే దాదాపు 1.7 టీబీ. ప్రతి రాత్రి రెండిట్లోకీ కాపీ అయి, తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు. తర్వాత ఒక చిన్న రికార్డర్, ఎదుటి గొంతునే పట్టే ఒక మంచి షాట్‌గన్ మైకు. డబ్బింగ్ చెప్పించినా లొకేషన్‌లో పలికిన మాట శుభ్రంగా ఉంటే డబ్బింగ్ ఆవిడకు ఎలా పలకాలో తెలుస్తుంది. నీ ముసలామె అసలైన పల్లెటూరి మనిషే అయితే ఆమె గొంతును హైదరాబాద్‌లో ఎవరితోనూ మళ్లీ చెప్పించలేవు. ఈ మైకు మరో పదేళ్లు పనికొస్తుంది.

లెన్సులూ అంతే, ఫంగస్ పట్టకుండా చూసుకుంటే తొందరగా పాడుకావు. బాడీలే ముసలివైపోతాయి. 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చి, ఫొటో కెమెరాతో ఫుల్ హెచ్‌డీ సినిమా తీయొచ్చనగానే అందరూ దాని వెంట పడ్డారు. ఇప్పుడు దాన్ని ఎవరూ అడగరు. అప్పట్లో దాంతో కొన్న 50 ఎంఎం లెన్స్ మాత్రం అడాప్టర్ పెడితే ఇవాళ్టి సోనీ మీదా పనిచేస్తుంది. కాబట్టి ఎప్పుడైనా కొనాలని చెయ్యి దురద పెడితే లెన్స్ దగ్గర మొదలుపెట్టు.

కొనడం ఎప్పుడు సరైనదో కూడా చెప్పాలి. ఇప్పుడు మన వైపు యూట్యూబ్ ఫోక్ సాంగ్స్ షూటింగులు జోరుగా నడుస్తున్నాయి. పిల్లలమర్రి, సోమశిల దగ్గర ప్రీ వెడ్డింగులూ అంతే. నెలకు నాలుగైదు రోజులు డబ్బొచ్చే పని నీకు ఇప్పటికే వస్తుంటే, లేదా నీ సెంటర్‌కు ఒక మనిషిని పెట్టి ఆ పనిలోకి దిగాలనుంటే, కొను. నాలుగైదు నెలల్లో 18 రోజుల లెక్క దాటిపోతుంది. కానీ అది వేరే వ్యాపారం. ముహూర్తాల్లో నువ్వూ పెళ్లి మంటపంలోనే ఉంటావు. అందులో తప్పేమీ లేదు, కాకపోతే ముసలామె కథ ఎప్పుడు తీస్తావో కూడా అప్పుడే ఆలోచించుకో.

ఆదివారం అడ్వాన్స్ సంగతి. కట్టకు. ఆ ఫొటోగ్రాఫర్ దగ్గరికి పోయి, ‘అన్నా, ముందు రెండు రోజులు కిరాయికి ఇవ్వు, మా ఊళ్లో టెస్ట్ షూట్ చేసుకుంటా, తర్వాత కొంటే ఆ కిరాయి ధరలో తగ్గించు’ అని అడుగు. కెమెరాలో లోపం లేనివాడైతే ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటే పుష్యంలో పది రోజుల కిరాయి ఎంతో కూడా ఆ కూర్చున్నప్పుడే మాట్లాడి, కాగితం మీద రాయించుకుని రా.